పదహారు డిగ్రీల మే నెల

మా ఫ్యాక్టరీలో ఎండాకాలం కిందటేడు మే నెల పదకొండో తారీఖు ఉదయం పదిన్నరకి రద్దయింది. రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి మరీ రద్దు చేశారు. కాయ కొట్టింది మా యజమాని గోవర్ధనం గారు. చిప్పలు ఏరి పళ్లెంలో సర్దింది నేను.

నా పేరు వేదాద్రి. గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే రోడ్డు మీద మహోజ్జ్వల కారప్పొడి కంపెనీ అని ఉంది, అందులో అడ్మిన్ ఆఫీసర్ని. హాజరు పుస్తకం, గేటు పుస్తకం, ప్రమాదాల పుస్తకం, అన్ని గదుల తాళంచెవులూ నా దగ్గరుంటాయి. నిర్ణయాలు మాత్రం ఎప్పుడూ ఇంకొకరి దగ్గరుంటాయి. పద్దెనిమిదేళ్లుగా ఈ ఏర్పాటు నాకు హాయిగానే ఉంది, అబద్ధమెందుకు.

మా దగ్గర అసలు పని తొడిమలు తీయడం. రేకుల షెడ్డులో నలభై ఒక్కమంది ఆడవాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకుని, మిరపకాయల గుట్టల ముందు కూర్చుని, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఒక్కో కాయకీ తొడిమ తుంచుతారు. ఫ్యాన్లు పెట్టడానికి వీల్లేదు. పెడితే కారం లేచి కళ్లలో పడుతుంది. మే నెలలో ఆ రేకుల కింద వేడి ఎంతుంటుందో ఎవరూ కొలిచిన పాపాన పోలేదు. కొలవనంత కాలం మా కంపెనీకీ వాతావరణానికీ ఏ గొడవా రాలేదు.

గొడవ పార్శిల్లో వచ్చింది. మా కారం కొనే విదేశీ కంపెనీ వాళ్లకి ఉన్నట్టుండి భూమి మీద బెంగ పుట్టింది. మాకు ఒక యంత్రాన్ని పంపి, దాంతోపాటు ఒక నిబంధనల కాగితం పంపారు. యంత్రమంటే థర్మామీటరే, కాకపోతే సీలు వేసింది. లోపల సిమ్ముంటుంది. పది నిమిషాలకోసారి వేడి ఎంతో తనే చూసుకుని వాళ్ల దేశానికి కబురు పెడుతుంది. మనం దిద్దడానికి లేదు. ముప్పై ఎనిమిది డిగ్రీలు దాటితే దానంతటదే సైరను కూస్తుంది.

యంత్రాన్ని కార్యస్థలంలో ఉంచాలన్నాక, కాగితంలో ఇంక మూడే ముక్కలున్నాయి. సైరను కూశాక ఆరోజుకి పని ఆపాలి, కూలి తగ్గించకూడదు. సైరను కూశాక ఎవరైనా స్పృహ తప్పి పడితే అది వేడి వల్లేనని ఒప్పుకోవాలి, ఆ పేరుతో పనిలోంచి తీసేయకూడదు. కార్యస్థలంలో పద్దెనిమిది డిగ్రీల కంటే చల్లగా ఉంటే పనివాళ్లకి ఉన్ని బట్టలు, వేడి పానీయం ఇవ్వాలి. కాగితం మీద సంతకం పెడుతూ, మూడో ముక్క చదివి గోవర్ధనం గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "గుంటూర్లో పద్దెనిమిదంటయ్యా వేదాద్రీ! వీళ్లకి మనూరు పటంలో కూడా తెలిసినట్టు లేదు."

ఏప్రిల్ పదో తారీఖున యంత్రాన్ని షెడ్డు గోడకి తగిలించాం. పదకొండుంబావుకి సైరను కూసింది. నలభై మూడు. ఆడవాళ్లు చేతుల్లో కాయలు కింద పెట్టి ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. పని ఆపమని కంపెనీయే చెప్పడం వాళ్లెప్పుడూ వినలేదు. మర్నాడు పదిన్నరకే కూసింది. నాలుగో రోజు పదికి కూసింది. షెడ్డులో నిశ్శబ్దం గోవర్ధనం గారి ఏసీ గదిలోకి వినిపించింది. ఆయన హైదరాబాదుకి ఫోను చేశారు.

హైదరాబాదు నుంచి వచ్చినవాడి పేరు శశాంక్. వాతావరణ వ్యూహకర్త. కాలికి మేజోడు లేకుండా బూటు వేసుకునే రకం. గోడ మీద రంగురంగుల బొమ్మలు వేసి, గంటంబావు సేపు ఉపన్యసించాడు.

"సార్, వాతావరణ మార్పుని ముప్పుగా చూసే కంపెనీలు మునుగుతాయి. అవకాశంగా చూసే కంపెనీలు ఎదుగుతాయి. మనం ముందుగా వేసుకోవాల్సిన మౌలికమైన ప్రశ్న ఒకటుంది. ఈ వేడి మనకి ఎక్కడ నష్టం కలిగిస్తోంది?"

"షెడ్డులో," అన్నారు గోవర్ధనం గారు.

"కాదు సార్. షెడ్డులో ముప్పై ఏళ్లుగా ఇదే వేడి. ఏనాడైనా నష్టమొచ్చిందా? నష్టం వస్తున్నది థర్మామీటర్లో. కాబట్టి మన వ్యూహాత్మక జోక్యం కూడా అక్కడే ఉండాలి."

గదిలో అందరం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాం. ఇంత చిన్న విషయం మనకెందుకు తట్టలేదా అని నాకు కూడా అనిపించింది. సీలు వేసిన యంత్రాన్ని ముట్టుకోకూడదు కదా అని ఎవరో అడిగారు. ముట్టుకోనక్కర్లేదన్నాడు. కాగితంలో 'కార్యస్థలంలో' ఉంచాలని మాత్రమే ఉంది. ప్రహరీ లోపల ఉన్నదంతా కార్యస్థలమే.

మొదట వేపచెట్టు కింద పెట్టాం. నలభై ఒకటి, సైరను. వాచ్‌మన్ గదిలో పెట్టాం. నలభై, సైరను, దాంతోపాటు వాచ్‌మన్ కూడా కూలి తగ్గకుండా ఇంటికెళ్లిపోయాడు. చివరికి యజమాని గదిలో పెట్టాలని శశాంక్ సూచించాడు. గోవర్ధనం గారికి అనుమానం వచ్చింది.

"నా గది కార్యస్థలం ఎట్లా అవుద్దయ్యా? నేనిక్కడ పని చేస్తున్నానని వాళ్లు నమ్ముతారా?"

"నమ్మించే బాధ్యత నాది సార్."

ఇరవై అయిదు డిగ్రీలు. వారం రోజులు షెడ్డు నిర్విఘ్నంగా నడిచింది. ఎనిమిదో రోజు ఆయన తిరుపతి వెళ్తూ అలవాటు కొద్దీ ఏసీ కట్టేసి వెళ్లారు. మధ్యాహ్నానికల్లా ఖాళీ గదిలో సైరను కూసింది. అప్పుడే తీర్మానం జరిగింది, థర్మామీటరుకి ప్రత్యేకంగా ఒక గది ఉండాలని.

ఆ గది కట్టిన తీరు చూస్తే ఎవరికైనా కళ్లు చెమర్చేవి. పదడుగుల వెడల్పు, పదడుగుల పొడుగు. గోడలు రెండు వరసలు, మధ్యలో థర్మోకోలు. రెండు ఏసీలు, కరెంటు పోతే జెనరేటరు. పైకప్పు మీద ఎండ పడకుండా మూడడుగుల మందాన వరిగడ్డి పరిచి, దాని మీద రోజుకి రెండుసార్లు నీళ్లు చల్లించారు. ఈ వరిగడ్డి సంగతి చెప్పాలి. షెడ్డు రేకుల మీద వరిగడ్డి పరిపించండి సారూ, కాస్త చల్లగుంటది అని తొడిమల ఆడవాళ్లు నాలుగేళ్లుగా అడుగుతున్నారు. అగ్నిప్రమాదం జరుగుతుందని మేం నాలుగేళ్లుగా ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆ ట్రాక్టరు గడ్డి వాళ్ల కళ్ల ముందే షెడ్డు దాటుకుని వెళ్లి, గోడకి వేలాడే జానెడు యంత్రం నెత్తిన నీడ పట్టింది. తలుపు మీద 'వాతావరణ కేంద్రం' అని బోర్డు పెట్టారు. మే పదకొండున రిబ్బను, కొబ్బరికాయ. లోపల ఇరవై రెండు డిగ్రీలు. తాళంచెవి నా గుత్తిలో చేరింది. రోజూ మధ్యాహ్నం రెండింటికి వెళ్లి, యంత్రం చూపించిన అంకె పుస్తకంలో రాసి సంతకం పెట్టడం నా పనుల్లో ఒకటయింది. ఆ రెండు నిమిషాల చల్లదనం కోసం పొద్దున్నుంచీ ఎదురుచూసేవాణ్ణి, సిగ్గు లేకుండా.

జూన్ మొదటి వారంలో రాహేలు పడిపోయింది. తొడిమల పనికి కొత్తగా వచ్చిన పిల్ల, ఇరవై ఆరేళ్లు. మొగుడు లారీ మీంచి పడి నడుం విరిగి మంచంలో ఉన్నాడు. ఇల్లు గడిచేది దీని చేతుల మీదే. కాయల గుట్ట మీదికే ఒరిగిపోయింది. మొహం మీద నీళ్లు కొడితే లేచింది. మా కంపెనీలో ఒక నియమం ఉంది. మూడుసార్లు స్పృహ తప్పితే శారీరక అయోగ్యత కింద పేరు కొట్టేస్తారు. ప్రమాదాల పుస్తకంలో 'మొదటిసారి' అని రాశాను. కారణం అన్న గడిలో 'వేడి' అని రాయబోయి, ఆరోజు ఉష్ణోగ్రత ఇరవై రెండని గుర్తొచ్చి ఆగాను. గోవర్ధనం గారిని అడిగితే 'నిద్ర' అని రాయమన్నారు.

ఈ ఏడు ఏప్రిల్లో రెండోసారి పడింది. ఆ సాయంత్రం తొడిమల మేస్త్రి సామ్రాజ్యం దాన్ని వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. సామ్రాజ్యానికి యాభై దాటాయి. కారం పట్టి పట్టి అరచేతులు నున్నగా ఎర్రగా ఉంటాయి.

"సారూ, ఇంకొకసారి పడితే దీని పేరు కొట్టేత్తారంట గదా."

"నియమం అంతే కదమ్మా."

"నియమం సంగతి కాదు సారూ. ఎండకి గదా పడేది? సైరను కూసినాక పడితే తియ్యగూడదని ఆ దొరల కాయితంలో ఉందంట గదా. కిందటేడు నాలుగు రోజులు కూసిన సైరను ఇప్పుడెందుకు కుయ్యట్లా?"

"ఇప్పుడు ఎండ లేదు కదమ్మా," అన్నాను. అన్నాక నా గొంతు నాకే రోతగా వినిపించింది.

సామ్రాజ్యం కోప్పడలేదు. ఆ మాట నాచేత ఎవరనిపిస్తున్నారో తెలిసిన మనిషి. "సరే సారూ, ఎండ లేదనుకుందాం. మమ్మల్ని తెల్లారగట్ట అయిదింటికి రానియ్యండి. పదకొండింటికి ఎల్లిపోయి, మిగతా మూడు గంటలకి పొద్దుగూకినాక వత్తాం. అదే గంటలు, అదే పని. గడ్డీ వద్దు, ఏసీలూ వద్దు. మీరొక్కసారి పెద్దాయన చెవిన ఎయ్యండి."

రాహేలు గడప దగ్గర నిలబడి నా బల్ల మీదున్న ప్రమాదాల పుస్తకం వైపే చూస్తోంది.

పెద్దాయన చెవిన వేశాను. శశాంక్ కూడా అక్కడే ఉన్నాడు. "అది చాలా ప్రమాదకరమైన సంకేతం సార్," అన్నాడు. "వేళలు మారిస్తే పగలు వేడిగా ఉంటోందని మనమే ఒప్పుకున్నట్టు. మన వాతావరణ వ్యూహం మొత్తం కుప్పకూలుతుంది." గోవర్ధనం గారు తలూపి, "ఇరవై రెండు డిగ్రీల్లో పడిపోయే మనిషికి ఏదో జబ్బుండాలి. మూడోసారి పడితే చూద్దాంలే," అన్నారు. సామ్రాజ్యానికి 'పరిశీలనలో ఉంది' అని చెప్పాను.

అప్పటికి శశాంక్ బుర్రలో బహుమతి తిరుగుతోంది. వర్తక సంఘాల వాళ్లు ఈ ఏడు 'శీతల సంస్థ' అని ఒక పురస్కారం పెట్టారు. భూతాపాన్ని జయించిన పరిశ్రమకి ఇస్తారట. పోటీలో ఒక బిస్కట్ల కంపెనీ ఇరవై ఒక్క డిగ్రీలతో ముందుందని తెలిసింది. గోవర్ధనం గారికి రోషం వచ్చింది. "బిస్కట్లోడు ఇరవై ఒకటా? మనం పదహారు పెట్టించు వేదాద్రీ." పెట్టించాను. బయట నలభై అయిదు, లోపల పదహారు. యంత్రం తన పని తాను చేసింది. పది నిమిషాలకోసారి మా పదహారుని సముద్రాలు దాటించింది.

వారం తిరగ్గానే విదేశాల నుంచి జాబు వచ్చింది. మీ కార్యస్థలం పద్దెనిమిది కంటే చల్లగా ఉంటున్నట్టు మా యంత్రం చెబుతోంది. మీ స్త్రీ కార్మికులు చలికి బాధపడుతున్నారేమోనని మాకు ఆందోళనగా ఉంది. వెంటనే ఉన్ని బట్టలు, వేడి పానీయం ఇవ్వండి. మే ఇరవై మూడున తనిఖీ చేస్తాం.

ఏసీ ఇరవై రెండుకి మార్చేద్దామన్నాను. ఇప్పుడు మారిస్తే యంత్రంతో ఆడుకుంటున్నామని అనుమానిస్తారన్నాడు శశాంక్. "నిలకడ, సార్. వ్యూహానికి నిలకడే ప్రాణం."

మే నెలలో గుంటూర్లో స్వెటర్లు ఎక్కడ దొరుకుతాయి? నన్ను హైదరాబాదు పంపారు. అక్కడ గోదాములో మిగిలిపోయినవి నలభై ఒకటి పట్టుకొచ్చాను. ముదురు ఎరుపు రంగు, గుండెల మీద లేడి బొమ్మలు. బస్సులో మూట పక్కన కూర్చున్నాయన ఏంటి సార్ అవి అనడిగితే, స్వెటర్లన్నాను. ఆయన లేచి ఇంకో సీటుకి వెళ్లిపోయాడు.

తనిఖీకి ఆ దేశం నుంచి ఎవరూ రాలేదు. విమానమెక్కితే భూమి వేడెక్కుతుందట, అందుకని వీడియో ఫోన్లోనే చూస్తామన్నారు. ఫోన్లో రంగులు కనబడతాయి, మాటలు వినబడతాయి. వేడి మాత్రం అటు పోదు. ఆ సంగతి వాళ్లకీ తట్టలేదు, మాకు తట్టినా మేం చెప్పలేదు.

ఇరవై మూడు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. షెడ్డులో నలభై ఆరుందని నా సొంత జేబులోని ఇరవై రూపాయల థర్మామీటరు చెప్పింది. నీళ్ల కుండలు తీయించేశారు, చలిలో చన్నీళ్లు తాగితే రొంప చేస్తుందని. వాటి చోట డ్రమ్ముల్లో పొగలు కక్కే అల్లం నీళ్లు పెట్టారు. నలభై ఒక్కమంది స్వెటర్లు తొడుక్కుని కాయల గుట్టల ముందు కూర్చున్నారు. కారం ఘాటు, కొత్త ఉన్ని కంపు, అల్లం ఆవిరి. గుమ్మంలో నిలబడ్డ నాకే కళ్లు తిరిగాయి.

"అరగంట ఓర్చుకోండమ్మా," అన్నాను.

సామ్రాజ్యం లేడి బొమ్మ మీద చెమట తుడుచుకుంది. "మే నెలలో సెటర్లు ఏందయ్యా? మీ ఇళ్లల్లో మనుషులు లేరా?"

జవాబు చెప్పేలోపు శశాంక్ ఫోను ఎత్తి పట్టుకుని వచ్చేశాడు. తెర మీద ఇద్దరు దొరలు, ఒక దొరసాని. వాళ్లు చేతులూపారు. మేమూ ఊపాం. శశాంక్ ఇంగ్లీషులో వర్ణించుకుంటూ వరసల మధ్య నడిచాడు. దొరసాని ఏదో అడిగింది. ఆడవాళ్ల మొహాలు అంత తడిగా ఎందుకున్నాయని.

"కొబ్బరి నూనె మేడమ్," అన్నాడు శశాంక్ కంగారు పడకుండా. "చలికాలంలో చర్మం పగలకుండా రాసుకోవడం మా సంప్రదాయం."

దొరసాని ఎంతో బాగుందంది. సరిగ్గా అప్పుడే మూడో వరసలో రాహేలు ముందుకి వంగింది. కాయ కోసం వంగిందనుకున్నాను. మళ్లీ లేవలేదు.

శశాంక్ మెరుపులా ఫోను పక్కకి తిప్పేశాడు. "ఇప్పుడు మా పచ్చదనం చూద్దాం," అంటూ గేటు పక్కనున్న జామ మొక్క దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు. అయిదు నిమిషాల తర్వాత దొరసాని ఇందాక ఎవరైనా పడ్డారా అనడిగితే, ఎవరూ పడలేదు, అంతా సవ్యంగా ఉందని మాటిచ్చాడు. ఆ మాట నేను నా చెవులతో విన్నాను. టైము కూడా చూశాను, రెండు కావడానికి అయిదు నిమిషాలు.

సామ్రాజ్యం రాహేలు స్వెటరు లాగేసింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. చెమట కూడా ఆగిపోయింది. "నీళ్లు! నీళ్లు తెండే!" అని అరిచింది. కుండలు లేవు. ఎవరో గ్లాసుతో అల్లం నీళ్లు తెస్తే విసిరికొట్టింది. నా వైపు తిరిగింది.

"సారూ, ఈ ప్రహరీలో చల్లటి చోటు ఒక్కటే ఉంది. తాళం మీ నడుంకే ఉంది."

పద్దెనిమిదేళ్లలో నేను సొంతంగా ఏ తలుపూ తీయలేదు. ఇప్పుడు తీస్తే నా ఉద్యోగం సంగతేంటని కూడా ఆలోచించాను. ఆలోచించినంత సేపు రాహేలు పెదవులు నల్లబడుతూనే ఉన్నాయి. సామ్రాజ్యం చెయ్యి చాపి నిలబడే ఉంది. గుత్తి నడుం నుంచి ఊడదీశాను. గుత్తి గుత్తిగానే ఇచ్చేశాను.

నలుగురు రాహేలుని మోసుకెళ్లారు. మిగతావాళ్లు వెనకే వెళ్లారు, ఒక్కత్తీ షెడ్డులో ఆగలేదు. నేను గోవర్ధనం గారి గదిలోంచి ఆయన చల్లనీళ్ల డబ్బా ఎత్తుకొచ్చాను. ఆయన ఫోన్లో బహుమతి సంఘం వాళ్లతో మాట్లాడుతున్నారు, చూసుకోలేదు. పదహారు డిగ్రీల గదిలో నేల మీద పడుకోబెట్టి, తడిగుడ్డలతో ఒళ్లంతా తుడిచారు. పావుగంటకి రాహేలు కళ్లు తెరిచింది. ఎక్కడున్నానని అడిగింది. ఇంకో అయిదు నిమిషాలకి పళ్లు టకటకలాడిస్తూ వణకడం మొదలుపెట్టింది.

"చాల్లే, ఆ చలిగాలి కట్టెయ్యండి సారూ," అంది సామ్రాజ్యం.

రెండు ఏసీలూ కట్టేశాను. నలభై ఒక్కమంది పదడుగుల గదిలో పట్టరు. సగంమంది లోపల, సగంమంది గడపలో, తలుపు బార్లా. బయటి వడగాలి లోపలికి దూరింది. లోపలున్నవాళ్ల ఒంటి సెగ తోడయింది. ఎవరూ గోడ మీది యంత్రం వైపు చూడలేదు. నేను చూశాను. ఇరవై నాలుగు. ముప్పై. ముప్పై నాలుగు. ఏసీ మళ్లీ వేయడానికి నాకు చెయ్యి రాలేదు.

రెండూ నలభైకి సైరను కూసింది.

ఏడాది మూగనోము పట్టిన సైరను. జామ మొక్క దగ్గర ఇంకా పచ్చదనం గురించే ఉపన్యసిస్తున్న శశాంక్ ఫోను జారవిడిచాడు. గోవర్ధనం గారు చెప్పులు లేకుండా బయటికి పరిగెత్తుకొచ్చారు. ఫోను తెర మీద దొరలు కేకలు వేస్తున్నారు. నలభై నిమిషాల్లో మీ దగ్గర పదహారు నుంచి ముప్పై ఎనిమిదిన్నర! మా యంత్రాల చరిత్రలో ఇంతటి వాతావరణ విపత్తు లేదు! తక్షణం పని ఆపండి! పని ఆపేశాం. ఆడవాళ్లు స్వెటర్లు గుట్టగా పోసి ఇళ్లకి వెళ్లారు. రాహేలుని ఆటోలో పంపించాను.

మర్నాడు విచారణ సంఘం కూర్చుంది. శశాంక్ రాత్రంతా మేలుకుని నివేదిక తయారుచేశాడు.

"సార్, శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి చెబుతున్నది మన ప్రాంగణంలో రుజువైంది. భూమి వేడెక్కడానికి కారణం మానవులే. మన కేంద్రంలో మానవులు లేనంత కాలం పదహారు డిగ్రీలు. నలభై ఒక్కమంది మానవులు ప్రవేశించారు, ముప్పై ఎనిమిదిన్నర. ఇంతకంటే తిరుగులేని సాక్ష్యం ప్రపంచంలో ఎక్కడా లేదు."

"మరి పరిష్కారం?" అన్నారు గోవర్ధనం గారు.

"మానవుల్ని వాతావరణానికి దూరంగా ఉంచడమే సార్. కేంద్రం చుట్టూ ఇరవై అడుగుల దాకా కంచె వేద్దాం."

కంచె మంజూరయింది. వాతావరణ మార్పుకి బాధ్యులైనందుకు నలభై ఒక్కమందికి సంజాయిషీ నోటీసులు కూడా మంజూరయ్యాయి. నేనే టైపు చేయించి నేనే పంచాను. సామ్రాజ్యం కాగితం తిప్పి తిప్పి చూసి, ఏం రాశారని అడిగింది.

"భూమిని వేడెక్కించింది మీరేనని."

"మేమా?" కాసేపు నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది. "మా ఇళ్లల్లో పొయ్యి ఎలిగేదే ఒక పూట గదయ్యా." కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. "అది పోనీ. పిల్లది మూడోసారి పడింది గదా. దాని సంగతేం చేశారు?"

అదే సంగతికి గోవర్ధనం గారు అప్పటికే నన్ను పిలిపించారు. శశాంక్ పక్కనే కూర్చున్నాడు. ప్రమాదాల పుస్తకం తెమ్మన్నారు. తెచ్చి తెరిచాను. 'మే 23. రాహేలు. మూడోసారి. పడిన సమయం: మధ్యాహ్నం 2 గంటల 45 నిమిషాలు. కారణం: వేడి.' కింద నా సంతకం.

గోవర్ధనం గారు రెండుసార్లు చదివారు. "ఏందయ్యా ఇది? ఆ పిల్ల సైరను కూసినాక పడిందా? అంతకు ముందే గదా పడింది, రెండు కాకముందే?"

"అప్పుడు ఎవరూ పడలేదని శశాంక్ గారు విదేశాల వాళ్లకి మాటిచ్చారు సార్," అన్నాను. "వీడియోలో రికార్డయి ఉంటుంది. ఇప్పుడు మనం పడిందని రాస్తే, ఆయన అబద్ధమాడినట్టవుతుంది."

 గోవర్ధనం గారు శశాంక్ వైపూ నా వైపూ మార్చి మార్చి చూశారు. బహుమతి సభ పది రోజుల్లో ఉంది. సైరను కూశాక పడినవాళ్లని తీసేయకూడదు, ఆ కాగితం మీద ఆయన సంతకమే ఉంది. పుస్తకం మూసి నా వైపు తోసేశారు.

పది రోజుల తర్వాత 'శీతల సంస్థ' పురస్కారం మాకే వచ్చింది. బిస్కట్ల కంపెనీ రెండో స్థానం. షెడ్డు రేకుల మీద ఇప్పటికీ గడ్డి లేదు. వేళలు మార్చే విషయం పరిశీలనలో ఉంది. రాహేలు పడిన నాలుగో రోజునే పనికి వచ్చింది. గుమ్మం దాటేటప్పుడు ఆగి నా బల్ల మీది పుస్తకం వైపు ఒకసారి చూసి, తన గుట్ట దగ్గరికి వెళ్లి కూర్చుంది.

ఆ పుస్తకాలు నేనిప్పుడు అప్పుడప్పుడూ తిరగేస్తుంటాను. ఉష్ణోగ్రతల పుస్తకంలో ఏడాది పొడుగునా నేను రాసిన అంకెలన్నీ నిజాలే. యంత్రం ఇరవై రెండు చూపిస్తే ఇరవై రెండే రాశాను, పదహారు చూపిస్తే పదహారే రాశాను. ఒక్క అంకె కూడా దిద్దలేదు, ఎవరొచ్చి తనిఖీ చేసుకున్నా సరే. ఈ మొత్తం వ్యవహారంలో నేను సొంతంగా రాసిన అబద్ధం ఒక్కటే. రెండూ నలభై అయిదు.